బార, మూర, పిడికిలి

మొన్నటి ఎండాకాలం ఒక సాయంత్రం, గార్ల పెద్ద చెరువు కట్ట మీద మామకూ నాకూ జరిగిన వాదన ఇది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. వయసులో ఉండగా గద్వాల వైపు పోయి కృష్ణ ఒడ్డున కొన్నేళ్లు చేపల పని చేశాడు. పుట్టి, అంటే వెదురుతో బుట్టలా అల్లిన గుండ్రటి పడవ, దాన్ని అల్లడం, కప్పడం, నడపడం అక్కడే పట్టుబడ్డాయి. ఊరికి తిరిగొచ్చాక కూడా పుట్టిని వదల్లేదు. మిగతావాళ్లు లారీ ట్యూబుల మీదో థర్మోకోల్ తెప్పల మీదో పోయి వల వేస్తుంటే, ఆయన మాత్రం పుట్టిలోనే పోతాడు.

నేను బడిపంతుల్ని. నాలుగేళ్లుగా నాకొక కోరిక ఉంది. ఇంట్లోనే, నా చేతులతోనే కాయక్ అనే సన్నటి పొడుగు పడవ ఒకటి కట్టుకోవాలని. ఫ్యాక్టరీలో పోతపోసే ప్లాస్టిక్ కాయక్ కాదు. సన్నటి కర్రలతో చట్రం కట్టి, దాని మీద గుడ్డ బిగించి కుట్టి, నీరు దిగకుండా పూత పూసే రకం. ఆ మాట మామ చెవిన వేయడానికే దారం ఉండ జేబులో పెట్టుకొని కట్ట మీదికి పోయాను.

మామ పుట్టిని బోర్లించి చిల్లు పూడుస్తున్నాడు. నీళ్లలో మునిగిన తుమ్మ మొద్దు గీరుకొని అడుగున జానెడు చీలిక పడింది. మూడు రాళ్ల పొయ్యి మీద పాత డబ్బాలో తారు ఉడుకుతోంది. యూరియా సంచి ముక్కను చీలికకు అన్ని వైపులా నాలుగు వేళ్లు మించేలా కత్తిరించాడు. కర్రకు చుట్టిన గుడ్డతో తారు పూసి, ముక్క పరిచి, బొటనవేలు నీళ్లలో ముంచుకుంటూ నడిమి నుంచి అంచులకు రుద్దాడు. లోపల గాలి బుడగ ఒక్కటి మిగిలినా నీరు అక్కడి నుంచే దారి చేసుకుంటుందట. దాని మీద మళ్లీ తారు. మొత్తం పని అరగంట కూడా పట్టలేదు.

మామ: చేతిల ఆ దారం ఏందిరా?

నేను: నా బార కొలవాలె మామా. ఆ కొస పట్టుకో.

(రెండు చేతులూ చాచి నిలబడ్డాను. ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు అయిదడుగుల ఎనిమిదంగుళాలు.)

మామ: కొలిస్తిమి. ఇప్పుడేం జేస్తవ్?

నేను: మూడు బారలు పడవ పొడుగు. కూర్చున్నప్పుడు నా పిరుదుల వెడల్పు ఎంతో అంత, దాని మీద రెండు పిడికిళ్లు, అది పడవ వెడల్పు. తెడ్డేమో ఒక బార మీద ఒక మూర. గ్రీన్‌లాండ్ల ఇన్యూట్ వేటగాళ్లు కాయక్ ఇట్లనే కొలుచుకునేవాళ్లు. ఎవరి పడవ వాళ్ల ఒంటి కొలత. మనం నులక కొలిచినట్టు, బావి లోతు కొలిచినట్టు.

మామ: కొలత మంచిగనే ఉన్నది. మూడు బారలంటే పదిహేడు అడుగులు. మన ఇంటి అరుగు పద్నాలుగడుగులు. ఎక్కడ కడతవ్? కట్టినంక ఏడ పెడతవ్? నా పుట్టి చూడు. గోడకు ఆనిస్తే అయిపోయె. నెత్తి మీద బోర్లేసుకుంటే ఒక్కణ్ని చెరువుకాడికి తెచ్చుకుంట.

నేను: కాయక్ కూడా భుజం మీద మోసేదే మామా. కర్ర, గుడ్డ, దారం, అంతే కదా అందుల ఉండేది. గ్రీన్‌లాండ్ల చెట్లు దాదాపు లేవు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు ఏరుకొని చట్రం కట్టేవాళ్లు, సీల్ అనే సముద్ర జంతువు తోలు కప్పేవాళ్లు. తోలు కుట్టేది ఆడవాళ్లు. సూది తోలు అవతలికి పొడుచుకపోకుండ, మందంలనే తిప్పి కుట్టేవాళ్లు. బెజ్జమే లేకుంటే నీళ్లు ఎక్కడినుంచి వస్తయి?

మామ: చెట్లు లేనోళ్లు గతిలేక తోలు కప్పిండ్రు. మనకా గతి ఎందుకు?

నేను: మన పుట్టి మాత్రం ఏంది? 1520 ప్రాంతంల డొమింగో పాయెస్ అని ఒక పోర్చుగీసాయన విజయనగరం వచ్చిండు. తుంగభద్ర మీద జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవలల్ల దాటుతున్నరని రాసిండు. లోపల అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతరని, గుర్రాలు, ఎద్దులు కూడా దాటుతయని రాసిండు. అదేంది, పుట్టే కదా.

మామ: ఔ. నాకు పని నేర్పిన ముసలాయన చిన్నతనంల బర్రెతోలే కప్పేటోళ్లట. తోలు ఎండితే పగులుతది, తడిస్తే కుళ్లుతది, రోజూ చూసుకోవాలె అనేటోడు. నా కాలానికి సంచులు, తారు వచ్చినయ్.

నేను: మరి చూడు. కప్పు మారింది, లోపలి అల్లిక మారలే. కాయక్ కథ కూడా అంతే. సీల్ తోలు పోయి నైలాన్, పాలిస్టర్ గుడ్డ వచ్చింది. పుట్టి, కాయక్ రెండూ ఒక్క ఇంటి పిల్లలే.

మామ: ఒక్క ఇంటి పిల్లలైతే ఇంట్ల ఉన్నదాన్ని ఇడిసి ఎక్కడో ఉన్నదాని ఎంబడి ఎందుకు పడుతున్నవ్?

ఈ ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మామ తారు డబ్బా పొయ్యి మీది నుంచి దించి, పుట్టి నీడలో కూర్చున్నాడు. నేను చెరువు వైపు చూశాను. పడమటి గాలికి నీళ్లు సన్నగా ముడతలు పడుతున్నాయి. జవాబు అక్కడే దొరికింది.

నేను: ఇప్పుడీ గాలికి ఎదురుగ అవతలి ఒడ్డుకు పుట్టిల పోగలవా?

మామ: పోత. చెమట పడతది. పుట్టికి ముందు లేదు, ఎనక లేదు. గాలి ఎటు నూకితే అటు బొంగరం తిరిగినట్టు తిరుగుతది. తెడ్డు పక్కన ఏస్తే పుట్టి తిరుగుడే తప్ప నడవది. ముందు దిక్కు వంగి, నీళ్లను నీ మీదికి గుంజుకున్నట్టు ఏయాలె. ఆ మెలిక చేతికి రావాలంటే ఒక ఎండాకాలం పడతది.

నేను: కాయక్ సన్నగ, పొడుగ్గ ఉంటది కాబట్టి నీళ్లను చీల్చుకొని సూటిగ పోతది. తెడ్డుకు రెండు దిక్కులా రెక్కలు, కుడికొకటి ఎడమకొకటి. ఎదురుగాలైనా దారి తప్పది. నాకు వల ఎయ్యాలని లేదు మామా. తెల్లారగట్ల చెరువు చుట్టూ తిరగాలె. ఆ అవతలి తుంగలల్ల పిట్టలను బెదిరించకుండ దగ్గరికి పోయి చూడాలె. మా బడి పిల్లలకు నీళ్ల మీద భయం పోగొట్టాలె.

మామ: ఆ మాట ముందే చెప్పాల్సింది. ఎందుకు కడుతున్నవో చెప్పకుండ ఎంత పొడుగో చెప్తే ఎట్ల? నేను పుట్టిల కూసొని ఒక చేత్తోని వల గుంజుత. ఒక పక్కకు ఒరిగినా పుట్టి ఆగుతది. పది కిలోల చేప పడ్డా ఆగుతది. నీ సన్న పడవల ఆ పని చేస్తే నువ్వూ, వలా, చేపా అందరూ నీళ్లల్లనే. కాబట్టి నాకు పుట్టి సరైంది. నీకు ఏది సరైందో, అది నీ పనిని బట్టి చూద్దాం. కానీ నీ కాయక్‌కు పైకప్పు కూడా ఉంటదట కద? కాళ్లు లోపల పెట్టి, నడుము దాకా మూసుకొని కూసుంటరట?

నేను: ఔ. నడిమిల మనిషి పట్టేంత నోరు ఒక్కటే ఉంటది. పడవ బోర్లపడ్డా తెడ్డు విదిలించి మళ్లీ లేస్తరు.

మామ: అది నాకు నచ్చలే. బోర్లపడితే కాళ్లు ఇరుక్కుంటయి. నీకు ఆ విదిలింపు వచ్చా?

నేను: ఇంకా రాదు.

మామ: మరి వాళ్లు ఎందుకు మూసిండ్రో ఆలోచించు. వాళ్లది మంచు సముద్రం. అల లోపలికి కొడితే నీళ్లకంటే ముందు చలి చంపుతది. అందుకు మూసిండ్రు. మన చెరువుల ఎండాకాలం నీళ్లు ఒంటికి వెచ్చగుంటయి. అంత అల ఎక్కడిది? వాళ్ల అక్కర వాళ్లది, దాన్ని మనం మోసుకచ్చుకునుడెందుకు?

మామ చదివింది అయిదో తరగతి. గ్రీన్‌లాండ్ పేరు ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాడు. అయినా ఒక పడవలో ప్రతి భాగమూ ఏదో ఒక నీటికి జవాబుగా పుట్టిందని, ఆ నీరు లేనిచోట ఆ భాగం అక్కర్లేదని నాకంటే ముందు గ్రహించాడు. నేను నాలుగేళ్లుగా బొమ్మలు చూసి చూసి ఆ మూసిన పైకప్పునే కాయక్ అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నేను ఓడిపోయాను. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

నేను: సరే. పైకప్పు తీసేస్త. ముందు, వెనక మూరెడు మూరెడు మాత్రం మూసి నడుమంతా తెరిచే ఉంచుత. కాళ్లు ఎప్పుడంటే అప్పుడు బయటికి తీయొచ్చు.

మామ: ఇంకో పిడికిలి కూడా కలుపు. నీ లెక్క ప్రకారం వెడల్పెంత?

నేను: రెండు పిడికిళ్లతో ఇరవై రెండు అంగుళాలు.

మామ: మూడు పిడికిళ్లు చెయ్. కొత్తగ నేర్చుకునేటోనికి ఆ పిడికిలే ప్రాణం. పొడుగు కూడా తగ్గించు. చెరువుల తుంగ, తామర మధ్య పదిహేడడుగుల పడవ ఎక్కడ తిప్పుతవ్?

నేను: రెండు బారల మీద ఒక మూర పెడత. పన్నెండడుగుల పది అంగుళాలు. అరుగు మీద పడుతది. నీ మూడు పిడికిళ్లు కలిపితే వెడల్పు ఇరవై ఆరంగుళాలు.

మామ: ఇప్పుడు అది నీ ఒంటికీ సరిపోతది, మన చెరువుకూ సరిపోతది. కానీ ఒక్క మాట. దాన్ని ఏరు మీదికి తీస్కపోనని చెప్పు.

పాకాల ఏరు మా ఊరి పక్కనుంచే పోతుంది. కాకతి గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువు నుంచి వచ్చే నీరది. కిందికి పోయి మున్నేరుగా కృష్ణలో కలుస్తుంది. వానాకాలంలో రాంపురం దారిలో చెక్‌డ్యాం మీద నీళ్లు దుంకితే రాకపోకలు ఆగిపోవడం మా మండలంలో అందరికీ అలవాటే.

నేను: పోను మామా. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఎట్లొచ్చిందో చూసినం కదా. ఖమ్మంల ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే చివరికి ఒక జేసీబీ డ్రైవరు పోయి తెచ్చిండు. అటువంటి నీటిమీద పుట్టి కూడా నిలవది.

మామ: పుట్టి అసలే నిలవది. 2020ల పంచదేవ్‌పహాడ్ కాడ కృష్ణల పుట్టి మునిగి మనుషులు పోయిండ్రు. పుట్టి మంచిదే. పారే నీళ్లల్ల ఎక్కువ మందిని ఎక్కిస్తే మంచిది కూడా ముంచుతది. అందుకే చెప్తున్న, చెరువు వరకే. చెరువు నిండి మత్తడి దుంకుతున్న రోజు చెరువు కూడా వద్దు.

ఇక్కడ మా ఇద్దరికీ తేడా లేదు. తేడా మళ్లీ కట్టే పని దగ్గర మొదలైంది.

నేను: చట్రానికి టేకు బద్దలు కోయిస్త. చీలలు కొట్టి...

మామ: ఆగు. నా పుట్టిల ఒక్క చీల చూపించు.

(చూపించలేకపోయాను. వెదురు దబ్బలు ఒకదాని కింద ఒకటి దూరి, అంచు దగ్గర వంచి కట్టి ఉన్నాయి. ఎక్కడా ఇనుము లేదు.)

మామ: చీల కొడితే బొంగు అక్కడికే చీలుతది. కట్టు కడితే చీలది. మొద్దుకు తగిలినప్పుడు దబ్బ దబ్బ మీద జారుతది, కొంచెం ఒంగుతది, మళ్లా దాని తావుకు వస్తది. గట్టిగ బిగేసింది ఇరుగుతది.

నేను: నిజమే. కాయక్ చట్రం కూడా కట్లతోనే నిలుస్తది. తీరా పనికాడికొచ్చి నేనే మర్చిపోయిన. ఐర్లాండ్ నుంచి టిమ్ సెవరిన్ అనే ఆయన 1976ల తోలు పడవ మీద అట్లాంటిక్ సముద్రం దాటడానికి బయలుదేరి, 1977ల కెనడా ఒడ్డు చేరిండు. కర్ర చట్రాన్ని తోలు వార్లతోని కట్టి, మీద 49 ఎద్దు తోళ్లు కప్పిండు. దారిల మంచుగడ్డ గుచ్చుకొని తోలు చిరిగింది. చల్లటి నీళ్లల్ల చేతులు పెట్టి, సముద్రం నడుమనే తోలు ముక్క కుట్టుకొని ముందుకు పోయిండ్రు.

మామ: అదిగో. నేను ఇందాక సంచి ముక్కతో చేసింది అదే పని.

నేను: అందుకే నాకు ప్లాస్టిక్ పడవ వద్దు మామా. అది పగిలితే మన ఊళ్ల బాగు చేసేటోళ్లు లేరు. ఇది చిరిగితే నేనే కుట్టుకుంట. ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ ఆయన 1932ల ఉల్మ్ అనే ఊరినుంచి గుడ్డ కప్పిన మడత కాయక్‌ల బయలుదేరిండు. ఏండ్లకేండ్లు తెడ్డేసుకుంట మన దేశం తూర్పు తీరం వెంట కూడా పోయి, 1939 సెప్టెంబరుల ఆస్ట్రేలియా అంచున సాయిబాయ్ దీవి చేరిండు. చట్రమూ గుడ్డా అంత దూరం మోసినయ్.

మామ: అంత దూరం మనకెందుకు గానీ, టేకు వద్దు. బరువు. అంచులకు రెండు పొడుగు బద్దలు గుమ్మడిటేకువి కోయించు. తేలికగుంటది, నీళ్లను ఓరుస్తది. మిగతాదంతా వెదురు.

నేను: పక్కటెముకలు కూడా వెదురా? వాటిని ఆవిరి పెట్టి వంచాలె. అంచు బద్దలకు రంధ్రాలు చేసి, ఆరంగుళాలకొకటి దూర్చాలె. వెదురు అంత వంపు తిరుగుతదా?

మామ: మేదరోళ్లను అడుగు. పచ్చి దబ్బను మంట మీద అటూఇటూ ఆడించుకుంట, తడిబట్ట అద్దుకుంట వంచుతరు. బొంగు పైతోలు వంపుకు బయటి దిక్కు ఉండాలె. అదే దాని బలం. లోపలి దిక్కు పెడితే పీచు లేస్తది.

నేను ఈ పని నేర్చుకోవడానికి విదేశీ పుస్తకాలు చదివాను. ఆవిరి పెట్టె ఎలా చేయాలో, ఎన్ని నిమిషాలు పెట్టాలో రాసుకున్నాను. మా ఇంటికి రెండు వీధుల అవతల మేదరి కుటుంబం ఉంది. తట్టలు, చేటలు, గుమ్ములు అల్లిన చేతులవి. ప్లాస్టిక్ గంపలు వచ్చాక వాళ్ల పని పెళ్లి మేదరి బుట్టల దాకా కుంచించుకుపోయింది. వంపు తిరిగే వెదురును ఎంచడం, దాన్ని ఈనె మందానికి చీల్చడం తెలిసిన మనుషులు అక్కడుండగా నేను నాలుగేళ్లు వాళ్ల గడప తొక్కలేదు. దీన్ని నా తప్పుగానే రాస్తున్నాను.

మామ: కప్పేదేంది? నా తీరుగ సంచులు కుట్టి తారు పూస్తవా?

నేను: తారు పూయను. ఈ ఒక్కటి నా మాట విను. తారు బరువు. మే నెల ఎండకు మెత్తబడి బట్టలకు అంటుతది. నువ్వే పుట్టిని ఎప్పుడూ నీడకు పెడతవ్. నేను మందం పాలిస్టర్ గుడ్డ తెస్త. నైలాన్ గట్టిదే కానీ తడిస్తే వదులైతది, ఎండితే బిగుస్తది. పాలిస్టర్ అట్ల కాదు, పైగా ఇస్త్రీపెట్టె వేడి తగిలిస్తే ముడుచుకొని డప్పు తీరుగ బిగుస్తది. నడిమిల రెండు అంచులు కలిపి వంకీ సూదితో కుట్టి, మీద మూడు నాలుగు పూతలు రంగు పూస్త.

మామ: రంగు పూత చిరిగితే చెరువు ఒడ్డున అతుకు పడతదా? తారైతే మూడు రాళ్లు, ఒక డబ్బా చాలు.

నేను: ఎండినంక ముక్క కుట్టి మళ్లీ పూయాలె. ఒక రోజు పడతది.

మామ: నాది అరగంట.

నేను: నీది అరగంటే. ఒప్పుకుంటున్న. కానీ నీ పుట్టికి ఏటా తారు మీద తారు పడి బరువెక్కుతది. రెండేండ్ల కింద ఒక్కనివి మోసినవ్, ఇప్పుడు నన్ను చెయ్యి పట్టమంటున్నవ్.

(మామ ఏమీ అనలేదు. పుట్టి అంచు పట్టుకొని ఒకసారి ఎత్తి చూసి దించాడు.)

మామ: సరే, నీ రంగు నువ్వు పూసుకో. కుట్టు మాత్రం చెప్పులు కుట్టే ఆయనకు చూపించు. ఆరెతో రెండు దారాల కుట్టు వేస్తడు. ఒక దారం తెగినా ఇంకోటి పట్టుకుంటది. ఇంకోటి అడుగుత. నీ పడవ నిండ నీళ్లు పడితే ఏమైతది?

నేను: మునగది కానీ అంచుల దాకా దిగుతది. లోపల అడ్డుగోడలుండవు కదా.

మామ: ముందూ ఎనకా మూసిన తావుల మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాలు కుక్కు. కట్టేయ్, తేలి బయటికి రావద్దు. అప్పుడు నిండినా తేలుతది, పట్టుకొని వేలాడొచ్చు. పిల్లలను ఎక్కిస్తనంటున్నవ్ కాబట్టి చెప్తున్న. ఈతరాని పిల్లను ఎక్కించకు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ లేకుండ ఎక్కించకు. మొదటి రోజు మోకాటి లోతుల నువ్వొక్కనివే కూసొని, కావాలనే బోర్లేసి చూడు. నేను ఒడ్డున ఉంట.

నేను: నువ్వు కూడ ఒకసారి కూసుంటవా?

మామ: కూసుంట. కానీ దాంట్లకెల్లి వల ఎయ్యను.

అప్పటికి చీకటి పడింది. తారు గట్టిపడిందో లేదో గోరుతో గీరి చూసి, పుట్టిని ఇద్దరం చెరోవైపు పట్టుకొని ఇంటికి తెచ్చాం.

ఆ తర్వాతి ఆదివారం మేదరి ఇంటికి పోయాం. పెద్దాయన మూడేళ్లు దాటిన బొంగులే ఏరి ఇచ్చాడు. లేతవి పురుగు పడతాయని, కొన్నాళ్లు నీళ్లలో ఉంచితే లోపలి తీపి పోయి పురుగు రాదని చెప్పాడు. పక్కటెముకలు వంచే రోజు తానే వస్తానన్నాడు. కూలి మాట్లాడుకున్నాం. పడవ ఎవరిదైనా, వంపు తిప్పే పని ఆయనది. గుమ్మడిటేకు బద్దలు రెండు అరుగు మీద ఉన్నాయి, ఒక్కొక్కటి రెండు బారల మీద ఒక మూర. బొంగులు చెరువులో నానుతున్నాయి. తేలకుండా వాటి మీద రాళ్లు పెట్టింది మామ.